విహార పడవల నుంచి ఈత

సెలవుల్లో పడవ షికారుకు వెళ్లినవారు దారిలో ఎక్కడో లంగరు వేయించి, పడవ మీదినుంచే నీళ్లలోకి దిగి ఈదడం ఇవాళ ప్రపంచమంతటా ఉన్న వినోదం. టర్కీ, గ్రీస్, క్రొయేషియా తీరాల్లో వారం రోజులు సాగే పడవ యాత్రల్లో రోజుకు రెండు మూడుసార్లు ఇదే కార్యక్రమం. గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గరా, మాల్దీవుల్లోనూ, థాయ్‌లాండ్ దీవుల చుట్టూ తిరిగే పగటి పడవలకు ఇదే ప్రధాన ఆకర్షణ. అమెరికా సరస్సుల్లో గంటల లెక్కన అద్దెకు దొరికే పాంటూన్ బోట్లు, రోజుల లెక్కన దొరికే హౌస్‌బోట్ల మీద సరంగు కూడా ఉండడు, అద్దెకు తీసుకున్నవారే నడుపుకుంటారు. వేలమందిని మోసుకెళ్లే పెద్ద క్రూయిజ్ నౌకల్లో సముద్రంలోకి దిగే అవకాశం ఉండదు. కొద్దిమందితో తిరిగే చిన్న విలాస నౌకల్లో కొన్నింటికి మాత్రం వెనకవైపు నీటిమట్టం దాకా దించే వేదిక ఉంటుంది.

ఒడ్డున ఈదేవారికి అలసట వస్తే నాలుగు బారలు వేసి కాలు ఆనించుకోవచ్చు. పడవ మీదినుంచి దిగినవారికి కాలు ఆనే చోటు లేదు. ఉన్న ఆశ్రయం పడవ ఒక్కటే. ఆ పడవ గాలికి కదులుతుంది, దాని గోడ మనిషికి అందనంత ఎత్తులో ఉంటుంది, అడుగున ప్రొపెల్లర్, వెనక పొగగొట్టం ఉంటాయి. అందువల్ల ఈ రకం ఈతలో ప్రాణాలు నిలిపేది ఈతగాడి సత్తా కన్నా పడవ మీద ముందుగా చేసిన ఏర్పాట్లే. గజ ఈతగాళ్లు కూడా పడవకు పాతిక గజాల దూరంలో చనిపోయిన సందర్భాలు ఉండటానికి కారణం ఇదే.

చరిత్ర

తెరచాప ఓడల కాలంలో గాలి ఆగిపోయి ఓడ నిలిచిపోయిన రోజుల్లో నావికులు సముద్రంలో స్నానాలు చేసేవారు. వారిలో చాలామందికి ఈత రాదు. అలాంటివారి కోసం ఒక తెరచాపను మూలల దగ్గర తాళ్లతో కట్టి ఓడ పక్కన నీళ్లలోకి జారవిడిచేవారు. చాపలో నీరు నిండి, లోతు తెలిసిన, హద్దులున్న చిన్న కొలను తయారయ్యేది. అమెరికా నౌకాదళంలో నడిసముద్రంలో ఓడ ఆపి సిబ్బందిని ఈదనిచ్చే ఆనవాయితీని 'స్విమ్ కాల్' అంటారు. అందులో రక్షణ పడవ ముందుగా నీళ్లలోకి దిగుతుంది, సొరచేపల కోసం ఒకరు తుపాకీతో కాపలా ఉంటారు, ఆ తర్వాతే మిగతావారు దూకుతారు. ఎప్పుడూ సముద్రం మీదే బతికేవారు సైతం ఇన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారన్న సంగతి సెలవు యాత్రికులు గుర్తుంచుకోదగినది.

వినోదంగా దీనికి పేరు తెచ్చినవాటిలో టర్కీ 'నీలి యాత్ర' ఒకటి. 1925లో బోద్రుమ్ అనే చిన్న రేవుకు ప్రవాస శిక్ష మీద వచ్చిన రచయిత జెవత్ షాకిర్ కబాగాచ్లి ఆ ఊరితో ప్రేమలో పడి, దాని ప్రాచీన నామం మీదుగా 'హలికర్నాసస్ జాలరి' అన్న కలంపేరు పెట్టుకున్నాడు. తన మిత్రులను స్పాంజి ఏరే జాలరుల పడవల్లో ఎక్కించుకుని ఏజియన్ తీరంలోని కోవల్లో, అంటే చిన్న అఖాతాల్లో, తిప్పేవాడు. ఆ మిత్రబృందంలోని ఆజ్రా ఎర్హాత్ 1962లో 'మావి యోల్జులుక్' (నీలి యాత్ర) పేరుతో పుస్తకం రాసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో, ఒకప్పుడు స్పాంజి, సరుకులు మోసిన గులెత్ అనే కొయ్య పడవలు పడకగదులు అమర్చుకుని విహార పడవలయ్యాయి.

గులెత్‌ను నిలిపే పద్ధతిలోనే ఒక భద్రతా పాఠం ఉంది. కోవలోకి వచ్చాక సరంగు ముందుభాగం నుంచి లంగరు వదిలి, పడవను వెనక్కి నడిపి, వెనకభాగమైన అమరం నుంచి ఒక మోకును ఒడ్డున ఉన్న బండకో కొయ్య గుంజకో కట్టిస్తాడు. దాంతో పడవ గాలికి అటూ ఇటూ తిరగదు. అమరానికీ ఒడ్డుకూ మధ్య ఒక చిన్న నీటి మడుగు ఏర్పడుతుంది, ఇతర పడవలు అందులోకి రావు. నిచ్చెన కూడా అటే దిగుతుంది. ఈదేవారికి పడవ నుంచి ఒడ్డు దాకా పట్టుకోవడానికి మోకు ఉంటుంది. జులై, ఆగస్టుల్లో అక్కడ వాయవ్యం నుంచి మెల్తెమ్ అనే గాలి వీస్తుంది. సాధారణంగా మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. అనుభవమున్న సరంగులు పొడవాటి ఈతలను ఉదయానికే పెడతారు.

పడవ వల్ల వచ్చే ప్రమాదాలు

యాత్రికులు సొరచేపలకు భయపడతారు. నిజంగా భయపడవలసినవి ఇంజను, జనరేటరు, కరెంటు తీగ.

మూడు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 160 సార్లు రెక్క తగులుతుంది. తగిలాక తప్పుకోవడానికి వ్యవధి ఉండదు. ఇంజను న్యూట్రల్‌లో ఉంటే చాలదు. గేరు పొరపాటున పడవచ్చు, డెక్కు మీద ఆడుకునే పిల్లవాడు లీవరు లాగవచ్చు. అందుకే ఎవరైనా నీళ్లలో ఉన్నంతసేపూ ఇంజను పూర్తిగా ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవడం ఖాయమైన నియమం కావాలి. పడవ ముందుభాగంలో నీటి కింద ఉండే థ్రస్టర్ అనే చిన్న ప్రొపెల్లర్ సంగతి చాలామందికి తెలియదు. పడవ అమరం వైపు ఎంత జాగ్రత్తగా ఉన్నా ముక్కు వైపు ఈదుకుంటూ వెళ్లినవారు దాని దగ్గరికి చేరతారు. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు మోటారు పడవలు చాలావాటిలో నడిపేవారు తమ ఒంటికి తాడు తగిలించుకోవాలి. ఆ మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. పక్క పడవలూ, జెట్ స్కీలూ, ఒడ్డుకూ పడవకూ మధ్య తిరిగే చిన్న డింగీలూ కూడా ఇంతే ప్రమాదం. ఈదేవాడి తల నీటి మీద ఒక కొబ్బరికాయంత కనబడుతుంది, ఎండ ఎదురుగా ఉంటే అదీ కనబడదు. మెరిసే రంగు టోపీ, నడుముకు కట్టుకునే నారింజ రంగు తేలుడు బుడ్డ ఈ కారణంగానే వచ్చాయి. నీటి కింద మనుషులున్నారని చెప్పేందుకు పడవలు నీలం, తెలుపు రంగుల 'ఆల్ఫా' జెండా ఎగరేస్తాయి. ఎర్ర గుడ్డ మీద తెల్లని ఏటవాలు చారతో ఉండే డైవర్ జెండా అమెరికాలో ఎక్కువ వాడుకలో ఉంది.

కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఇంకా మోసకారి. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. హౌస్‌బోట్లలో ఏసీ, ఫ్రిజ్ నడవడానికి పెట్రోలు జనరేటరు ఆగకుండా తిరుగుతుంది. పాత నమూనాల్లో దాని పొగగొట్టం అమరం దగ్గర, ఈత వేదిక కిందకు తెరుచుకునేది. వేదికకూ నీటికీ మధ్య ఉండే ఖాళీలో ఆ వాయువు పోగుపడేది. పిల్లలకు ఆ ఖాళీ దాగుడుమూతలకు అనువైన చోటు. 2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్ మీద ఇద్దరు అన్నదమ్ములు అలా వేదిక కిందికి ఈదుకుంటూ వెళ్లి ప్రాణాలు కోల్పోయారు. తర్వాత అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ జరిపిన కొలతల్లో ఆ ఖాళీలోని గాలి నిమిషాల్లో ప్రాణం తీయగలదని తేలింది. పొగగొట్టాన్ని పైకప్పు కన్నా ఎత్తుకు తీసుకుపోయే మార్పు ఆ పరిశోధనల నుంచి ఊపందుకుంది. కదులుతున్న పడవ అమరాన్ని పట్టుకుని అల మీద జారే 'టీక్ సర్ఫింగ్' ఆటను ఇదే కారణంతో కాలిఫోర్నియా 2004లో చేసిన చట్టంతో నిషేధించింది.

ఆరుబయట, గాలి ధారాళంగా ఉన్నచోట విషవాయువు ఎలా కమ్ముతుందన్న సందేహమే ఈ మరణాలకు దారితీస్తోంది. తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం మొదటి గుర్తులు. పడవ ప్రయాణంలో వాటిని అందరూ కడుపులో తిప్పడంగానో ఎండ దెబ్బగానో తీసుకుంటారు. ఒకరికి కాకుండా అమరం దగ్గర కూర్చున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా ఉంటే జనరేటరు ఆపి, అందరినీ గాలి తగిలే ముందువైపుకు తీసుకుపోవాలి.

మూడోది కరెంటు. రేవుల్లో కట్టేసిన పడవలు ఒడ్డునుంచి తీగ ద్వారా కరెంటు తీసుకుంటాయి. ఎక్కడో తొడుగు చిరిగితే కరెంటు నీటిలోకి కారుతుంది. సముద్రపు ఉప్పునీటిలో అది మనిషిని తప్పించుకుని నీటిగుండానే పోతుంది. మంచినీటిలో మాత్రం నీటికన్నా మనిషి దేహమే మెరుగైన దారి కాబట్టి దేహంలోంచి పోతుంది. కొద్దిపాటి కరెంటుకే కండరాలు బిగుసుకుపోయి చేతులు ఆడవు. 1999లో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక రేవులో ఎనిమిదేళ్ల బాలుడు లైఫ్ జాకెట్ వేసుకుని తేలుతూనే ఇలా చనిపోయాడు. ఇలాంటి మరణానికి ఒంటిమీద మచ్చ కూడా ఉండదు గనుక చాలాకాలం వీటిని మామూలు మునకలుగానే రాసుకున్నారు. రేవులో, అందునా నది, సరస్సు రేవులో ఈదకూడదన్న నిబంధన ఈ కారణంగా వచ్చింది. నీళ్లలో జలదరింపు తోస్తే నిచ్చెన వైపు వెళ్లకుండా పడవల నుంచి దూరంగా వెనక్కి ఈదాలి. పైన ఉన్నవారు దూకకుండా ముందు కరెంటు కట్టేయాలి.

తిరిగి ఎక్కడం

పడవ అంచు నీటికి మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. చేతులెత్తి అంచు పట్టుకోవచ్చు. పైకి లాక్కునే ప్రయత్నం చేస్తే కాళ్లు పడవ అడుగు కిందికి జారిపోతాయి, తన్నడానికి పట్టు దొరకదు, తడిసిన బట్టల బరువు తోడవుతుంది. రెండు మూడు ప్రయత్నాలకే ముంజేతులు చచ్చుబడతాయి. డెక్కు మీద ఎవరూ లేకపోతే, నిచ్చెన దించి లేకపోతే, ఎంత ఈత వచ్చినవారికైనా ఇక దారి లేదు. 2006లో వచ్చిన 'ఓపెన్ వాటర్ 2: అడ్రిఫ్ట్' సినిమా కథంతా ఇదే: నిచ్చెన దించడం మరచి స్నేహితులందరూ నీళ్లలోకి దూకేస్తారు, పడవ పక్కనే ఉన్నా ఎక్కలేరు. ఈ చిక్కును గుర్తించే యూరోపియన్ యూనియన్ 2013 నాటి విహార పడవల ఆదేశంలో, నీళ్లలో ఉన్న మనిషి ఎవరి సాయమూ లేకుండా అందుకోగలిగే లేదా దించుకోగలిగే ఎక్కుడు సాధనం ప్రతి పడవకూ ఉండాలని రాసింది.

నిచ్చెన ఉండటం ఒక ఎత్తు, అది పనికొచ్చేలా ఉండటం మరో ఎత్తు. నీటి పైనే ఆగిపోయే నిచ్చెన అలసిన మనిషికి వ్యర్థం. కనీసం రెండు మెట్లు నీటి లోపలికి దిగాలి. మొదట దిగేవారే ఒకసారి ఎక్కి చూసి, మళ్లీ దిగడం మంచి అలవాటు. అలలున్నప్పుడు అమరం లేచి పడుతూ ఉంటుంది, దానితోపాటు నిచ్చెనా వేదికా నీటిని బలంగా కొడతాయి. ఆ కింద తల ఉంటే పుర్రె పగులుతుంది. కాబట్టి కాస్త దూరాన ఆగి, వేదిక కిందికి దిగిన క్షణంలో నిచ్చెన పట్టుకుని, అది లేస్తుండగా దానితోపాటే పైకి రావాలి. ఒకరు ఎక్కేశాకే మరొకరు. పై మనిషి జారి పడితే కింది మనిషి మీదే పడతాడు.

నీటి వాలు, గాలి

గంటకు ఒక నాటికల్ మైలు వేగంతో, అంటే ఒక నాట్ వేగంతో పారే నీరు చూడటానికి నిశ్చలంగా ఉంటుంది. అది సెకనుకు 51 సెంటీమీటర్లు నడుస్తున్నట్టు లెక్క. సరదాగా ఈదే మనిషి వేగం కూడా రమారమి అంతే. రెండు నాట్ల ఎదురువాలును మామూలు ఈతగాడు జయించలేడు. లంగరు మీద ఉన్న పడవ సాధారణంగా వచ్చే నీటికో గాలికో ముక్కు తిప్పి నిలబడుతుంది. నీటి వాలుకు అలా నిలబడినప్పుడు అమరం దగ్గర దిగిన మనిషి పడవకు దూరంగా కొట్టుకుపోయే వైపే దిగుతున్నాడు. దిగిన క్షణంలో తెలియదు, నాలుగు నిమిషాలు కబుర్లు చెప్పుకుని తల తిప్పి చూస్తే పడవ దూరమై ఉంటుంది. దీనికి విరుగుడు పాతకాలం నాటిదే. అమరం నుంచి ఇరవై ముప్పై మీటర్ల తేలే తాడును, చివర ఒక బుడ్డ కట్టి, నీటిలో వదిలిపెట్టాలి. అది ఎటు, ఎంత బిగుతుగా సాగుతుందో చూస్తే నీటి వాలు దిగకముందే తెలిసిపోతుంది, కొట్టుకుపోయేవారికి ఆఖరి పట్టు కూడా అదే. దూరం ఈదాలనుకునేవారు మొదట ఎదురువాలుకు వెళ్లాలి, అలసిపోయాక నీరే పడవ దగ్గరికి తెస్తుంది.

లంగరు వేయకుండా ఇంజను ఆపి ఈదడం ఇంకా చేటు. ఖాళీ పడవ గోడలు, పైకప్పు గాలిని పట్టుకుంటాయి. మనిషి దేహం నీటిలో ఉంటుంది కాబట్టి గాలి అతన్ని కదపదు. పడవ ఒక్కటే వెళ్లిపోతుంది. 2020 జులై 8న అమెరికన్ నటి నయా రివేరా కాలిఫోర్నియాలోని పీరూ సరస్సు మీద పాంటూన్ బోటు అద్దెకు తీసుకుని నాలుగేళ్ల కొడుకుతో ఈతకు దిగింది. పిల్లవాణ్ణి తోసి పడవ ఎక్కించగలిగింది. తాను ఎక్కలేకపోయింది. పిల్లవాడు ఒంటిమీద లైఫ్ జాకెట్‌తో పడవలో ఒంటరిగా దొరికాడు, పెద్దవాళ్ల జాకెట్ పడవలోనే ఉంది. ఆమె దేహం 13వ తేదీన దొరికింది. పడవ మీద ఈత వచ్చిన పెద్ద మనిషి ఒకరు లేకుండా దిగకూడదనే నియమం ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

గాలి నింపిన పరుపులు, హంస బొమ్మలు ఈ లెక్కలో ఈత సాధనాలు కానే కావు. గాలి వాటిని ఈతగాడు అందుకోలేనంత వేగంగా తోసుకుపోతుంది. కొట్టుకుపోయే బొమ్మను వదిలేయడం పిల్లలకు ముందే నేర్పాలి.

దూకడం, చలి, ఒంటి స్థితి

అయిదు మీటర్ల ఎత్తు నుంచి దూకితే గంటకు సుమారు 36 కిలోమీటర్ల వేగంతో నీటిని తాకుతాం, పది మీటర్ల నుంచి అయితే 50. పై డెక్కు నుంచి తలకిందులుగా దూకి మెడ విరిగి జీవితమంతా మంచం పట్టినవారున్నారు. లంగరు మీద పడవ తిరుగుతూ ఉంటుంది కాబట్టి పొద్దున అయిదు మీటర్ల లోతున్నచోట మధ్యాహ్నం బండరాయి ఉండవచ్చు. మధ్యధరాలో ఆటుపోట్ల తేడా స్వల్పం. ఆస్ట్రేలియా విట్‌సండే దీవుల వంటి చోట్ల అది మీటర్లలో ఉంటుంది. మొదటిసారి ఎప్పుడూ నిచ్చెన మీదుగానే దిగి, కళ్లకు ఈత అద్దాలు పెట్టుకుని అడుగు చూసుకోవాలి.

చల్లని నీరు మొదట దెబ్బతీసేది ఊపిరిని. నీరు తగలగానే నోరు తెరుచుకుని పెద్దగా గాలి పీల్చడం మన చేతుల్లో లేని స్పందన, ఆ క్షణంలో తల నీటిలో ఉంటే పీల్చేది నీరే. కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1–10–1 అనే లెక్కలో చెప్పాడు: బాగా చల్లని నీటిలో ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ ఈదకండి, ముందు తేలండి అని ప్రచారం చేస్తోంది. తల వెనక్కి వాల్చి, చెవులు నీటిలో మునగనిచ్చి, వెల్లకిలా ఉండి ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. అంటార్కిటికా యాత్రా నౌకల్లో సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉండే నీటిలో దూకే సంబరం ఉంది. అక్కడ ప్రతి ఒక్కరి నడుముకూ బెల్టు కట్టి తాడు సిబ్బంది చేతిలో ఉంచుకుంటారు, పక్కనే రబ్బరు పడవలు, వైద్యుడు సిద్ధంగా ఉంటారు.

మద్యం గురించి రెండో అభిప్రాయానికి తావు లేదు. తాగినవారు దిగకూడదు, మధ్యాహ్నం భోజనంతో తాగిన ఒక బీరైనా సరే. గుండె జబ్బు ఉన్నవారు, అరవై దాటినవారు స్నార్కెల్ అనే ఊపిరి గొట్టం పెట్టుకుని ఈదేటప్పుడు ఎక్కువ జాగ్రత్త పడాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ముప్పు ఎక్కువున్న స్నార్కెలర్లకు వేరే రంగు గుర్తు, తేలుడు సాధనం ఇచ్చి ప్రత్యేకంగా గమనించే నియమావళి ఉంది. రాత్రి ఈత, వెన్నెల ఎంత బాగున్నా, వద్దు. మునిగినవారు రాత్రి కనబడరు.

లైఫ్ జాకెట్లలో తేడాలు తెలుసుకోవాలి. 50 న్యూటన్ల తేలుడు సాధనం ఈత వచ్చి స్పృహలో ఉన్నవారికి మాత్రమే, స్పృహ తప్పినవారి ముఖాన్ని అది నీటి పైకి తిప్పదు. 100, 150 న్యూటన్ల జాకెట్లు అందుకు ఉద్దేశించినవి. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ లేకపోతే నీటిలో జాకెట్ పైకి లేచి పిల్లవాడు కిందికి జారిపోతాడు.

జలచరాలు

ఉత్తర ఆస్ట్రేలియాలో నవంబరు నుంచి మే దాకా బాక్స్ జెల్లీఫిష్, ఇరుకాంజీ అనే జెల్లీఫిష్‌ల కాలం. పడవల్లో ఒళ్లంతా కప్పే పలచని సూట్లు ఇస్తారు, వేసుకోవాలి, కుట్టినచోట వెనిగర్ పోస్తారు. మధ్యధరా బండల మీద నల్లని సీ అర్చిన్ ముళ్లు అరికాళ్లలో విరుగుతాయి, రబ్బరు చెప్పులు చాలు. సొరచేపల దాడులు చాలా అరుదు. అయినా ఈత సమయంలో వంటింటి చెత్త, చేపల తుక్కు నీటిలో పారబోయకూడదు, చీకటి పడే వేళ లోతు నీటిలో దిగకూడదు.

తల లెక్క

1998 జనవరి 25న గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవింగ్ పడవ అమెరికన్ దంపతులను నీళ్లలోనే వదిలి తిరిగి వచ్చేసింది. సిబ్బంది తలలు లెక్కపెట్టామనుకున్నారు, లెక్క తప్పింది. రెండు రోజుల తర్వాత పడవలో వారి సంచి దొరికేదాకా ఎవరికీ తెలియలేదు. వారి దేహాలు దొరకనే లేదు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్‌లో లెక్క నియమాలు కట్టుదిట్టమయ్యాయి. ప్రయాణికులు కదలకుండా కూర్చున్నప్పుడే లెక్కించడం, దిగిన సమయం, ఎక్కిన సమయం కాగితం మీద రాయడం, పేరు పేరునా పిలవడం అందులోంచి వచ్చిన అలవాట్లు. పడవ ఎక్కేముందు యాత్రికులు అడగదగిన ప్రశ్న ఇది: మేం దిగాక డెక్కు మీద చూస్తూ ఉండేది ఎవరు, తిరిగొచ్చాక లెక్కపెట్టేది ఎవరు? వెంటనే పేరు చెప్పగలిగిన పడవను నమ్మవచ్చు. వంట చేస్తూ మధ్యమధ్య తొంగిచూసే మనిషి కాపలాదారు కాడు.

తెలుగువారు, తెలుగు నీళ్లు

గోదావరి పాపికొండల యాత్ర తెలుగునాట పేరున్న పడవ విహారం. అక్కడ మధ్య నదిలో ఈతకు దిగడం ఎంతమాత్రం తగదు. కొండల మధ్య నది ఇరుకై లోతు విపరీతంగా పెరుగుతుంది, వరద రోజుల్లో సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగినప్పుడు దాన్ని పైకి తీయడానికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అక్టోబరు 22 దాకా పట్టింది. ఆ నది లోతూ ఒరవడీ ఎలాంటివో అది చెబుతుంది. పడవ ఒడ్డున ఆగినప్పుడు ఇసుకతిన్నెల దగ్గర దిగేవారు సైతం మోకాలి లోతు దాటకపోవడం మేలు. ఇసుక తవ్విన గుంతలు పైనుంచి కనబడవు.

విదేశాల్లో చదువుకునే మన పిల్లల సంగతి మనసు కలచివేస్తుంది. 2022 నవంబరు చివర్లో, థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో, మిస్సోరీలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో తెలంగాణకు చెందిన ఇద్దరు విద్యార్థులు మునిగిపోయారు. ఒకరు ఈదుతూ ఇబ్బందిలో పడితే రెండోవారు కాపాడబోయి తామూ పోయారు. 2023 ఏప్రిల్‌లో ఇండియానాలోని మన్రో సరస్సులో పాంటూన్ బోటు నుంచి ఈతకు దిగిన ఇద్దరు భారతీయ విద్యార్థులూ మునిగి చనిపోయారు. రెండూ నీరు చల్లగా ఉండే కాలాలే. అమెరికా సరస్సుల్లో ఏప్రిల్ ఎండ మన మాఘమాసపు ఎండలా హాయిగా ఉండవచ్చు, నీరు మాత్రం ఇంకా చలికాలపు చల్లదనంతోనే ఉంటుంది. ఊరి బావిలో, చెరువులో నేర్చిన ఈత అక్కడ మొదటి నిమిషంలోనే విఫలం కావచ్చు. ఈత రానివారు పడవ మీద ఉన్నంతసేపూ, ఈత వచ్చినవారు నీటిలో ఉన్నంతసేపూ జాకెట్ వేసుకుంటే ఇలాంటి మరణాల్లో చాలావరకు ఆగుతాయి. అమెరికా తీరరక్షక దళం లెక్కల్లో పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో పదింట ఎనిమిదిమందికి పైగా జాకెట్ వేసుకోనివారే.

మునకను గుర్తించడం, ప్రథమ చికిత్స

మునిగే మనిషి చేతులూపి కేకలు వేస్తాడని సినిమాలు నేర్పాయి. న్యూయార్క్ ఆర్చర్డ్ బీచ్‌లో ఈత రక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ పియా నిజమైన మునకలను చిత్రీకరించి చూపింది వేరు. నోరు నీటి పైకి వచ్చేది గాలి పీల్చడానికే సరిపోతుంది, కేకకు ఊపిరి మిగలదు. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి అదుముతుంటాయి, ఊపడానికి ఖాళీ లేదు. దేహం నిటారుగా ఉంటుంది, కాళ్లు ఆడవు. 20 నుంచి 60 సెకన్లలో అంతా ముగుస్తుంది. అందుకే డెక్కు మీద కాపలా ఉన్నవారు 'బాగున్నావా' అని అడిగితే జవాబు రాని మనిషిని మునుగుతున్నట్టే లెక్కించాలి. సద్దు చేస్తూ ఆడుకునే పిల్లలు హఠాత్తుగా మౌనమైతే అప్పుడే చూడాలి.

కాపాడటానికి దూకడం ఆఖరి మార్గం. మునిగే మనిషి దొరికినదాన్నల్లా పట్టుకుని కిందికి నొక్కుతాడు, ఓజార్క్స్‌లో లాగా ఇద్దరు పోయే సంఘటనలు ఇలాగే జరుగుతాయి. తాడు కట్టిన రింగు, గెడ, ఖాళీ నీళ్ల క్యాను, మూత బిగించిన ఐస్ పెట్టె ఏదైనా విసరవచ్చు. ఒకరు వేలు చూపిస్తూ ఆ మనిషి మీద నుంచి కళ్లు తిప్పకుండా నిలబడాలి. అలల్లో ఒకసారి చూపు తప్పితే మళ్లీ దొరకడు.

బయటికి తీశాక మన ఊళ్లలో బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కడం, కాళ్లు పట్టి తలకిందులుగా ఆడించడం అలవాటు. కడుపులోని నీరు కక్కించడం వల్ల ప్రాణం రాదు, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి. మునకలో గుండె ఆగేది ఆక్సిజన్ అందక కాబట్టి చికిత్స కూడా ఊపిరితోనే మొదలవుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి గడ్డం ఎత్తి, ఊపిరి లేదని తేలితే ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి అయిదుసార్లు ఊదాలని యూరోపియన్ మార్గదర్శకాలు చెబుతాయి. తర్వాత ఛాతీ మధ్య 30 నొక్కులు, రెండు ఊదులు, సాయం వచ్చేదాకా ఆపకుండా. తనంతట తాను ఊపిరి తీసుకుంటుంటే పక్కకు తిప్పి, తడి బట్టలు తీసి, ఒళ్లు ఆరబెట్టి కప్పాలి. లేచి కూర్చుని మాట్లాడినా, ఇక బాగానే ఉన్నానని ఎంత గట్టిగా చెప్పినా, పడవను దగ్గరి రేవుకు తిప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి కొద్దిగా నీరు పోయినవారికి ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలు కావచ్చు, డాక్టర్లు అందుకే కొన్ని గంటలపాటు దగ్గర ఉంచుకుని చూస్తారు.